లైనక్స్ డెస్క్‌టాప్‌లో బగ్ కనబడితే రిపోర్టు ఎలా ఇవ్వాలి: సాధారణ వాడుకరులకు సమగ్ర మార్గదర్శి

"ప్రోగ్రామ్ సరిగా పనిచేయడం లేదు, ఎవరికి చెప్పాలి, ఏమని రాయాలి?" అన్న ప్రశ్న ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటి డిస్ట్రోలను (లైనక్స్‌నూ ప్రోగ్రామ్‌లనూ కలిపి కట్టి ఇచ్చే రకాలను) రోజూ వాడుతూ ప్రోగ్రామింగ్ జోలికి పోనివారి నుంచి తరచుగా వస్తూనే ఉంది. ఈ మార్గదర్శి వారి కోసమే. ప్రోగ్రామ్‌లోని లోపాన్నే బగ్ అంటున్నాను. కోడ్ రాయడం రానక్కరలేదు. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ఒక వరుస టైపు చేయగలిగితే చాలు.

రిపోర్టు చదివేవారికి మీ తెర కనబడదు. వారిలో చాలామంది జీతం లేకుండా, తీరిక వేళల్లో ఈ పని చేస్తుంటారు. మీరు చెప్పిన లోపం వారి కంప్యూటర్‌లో కూడా కళ్ళెదుట కనబడితే సగం పని అయినట్టే. కనబడకపోతే, వారు ఎంత నేర్పరులైనా చేయగలిగింది తక్కువ. అందుకే రిపోర్టు రాయడం కంటే, రాయడానికి ముందు చేయవలసిన పనికే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే టైపు చేయాలి, పెద్ద అక్షరాలని చెప్పినచోట తప్ప. "ఖాళీ" అన్నచోట స్పేస్ మీట నొక్కాలి. చివర "సీటీఎల్" అని ఉన్నచోట సి, టి, ఎల్ అన్న మూడు అక్షరాలు మాత్రమే.

1. లోపం కనబడిన వెంటనే

అందరూ మొదట చేసే పని కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయడం. దానికి ముందు ఒక్క నిమిషం ఆగండి.

☐ గడియారం చూసి సమయం రాసుకోండి. తర్వాత లాగ్‌లో (కంప్యూటర్ తనలో జరిగేవాటిని రాసుకునే చిట్టాలో) వేల వరుసల మధ్య వెతకడానికి ఇదే దారి చూపుతుంది.
☐ తెరపై సందేశం ఉంటే స్క్రీన్‌షాట్ తీయండి. అది కుదరకపోతే ఫోన్‌తో ఫోటో తీయండి.
☐ ఆఖరి రెండు మూడు నిమిషాల్లో మీరు చేసిన పనులను వరుసగా రాసుకోండి.

తెర మొత్తం బిగుసుకుపోతే మూడు విషయాలు గమనించండి: మౌస్ బాణం కదులుతోందా, క్యాప్స్‌లాక్ నొక్కితే కీబోర్డు దీపం వెలుగుతోందా, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే లాగిన్ అడిగే నల్లటి తెర వస్తోందా? ఆ తెర వస్తే కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లైనక్స్ మూలభాగం) బతికే ఉంది, బిగుసుకున్నది డెస్క్‌టాప్ మాత్రమే అని దాదాపు చెప్పవచ్చు. దీపం కూడా వెలగకపోతే కెర్నల్‌నో డ్రైవర్‌నో అనుమానించాలి. మీ రిపోర్టు ఏ వైపు వెళ్ళాలో ఈ చిన్న పరీక్షే చాలావరకు తేలుస్తుంది.

2. ఇది నిజంగా బగ్గేనా?

కొన్ని లోపంలా కనబడతాయి కానీ కావు. తెలుగు టైపు చేస్తూ బ్యాక్‌స్పేస్ నొక్కితే చాలా ఎడిటర్లలో "కి" మొత్తం పోకుండా గుడి మాత్రమే పోయి "క" మిగులుతుంది. ఇది కావాలని అలా చేసినది. పొరపాటున వేసిన గుణింతపు గుర్తును ఒక్కదాన్నే దిద్దుకోవడానికి అది ఉపయోగం.

మిగతా సందర్భాల్లో, లోపం ప్రోగ్రామ్‌లో ఉందా, మీ సెట్టింగులలో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. తేలిక నుంచి కష్టానికి ఈ వరుసలో వెళ్ళండి.

మొదట అప్‌డేట్‌లన్నీ వేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. ఆ తర్వాత ప్రోగ్రామ్‌లోనే ఉన్న సురక్షిత పద్ధతిని వాడండి: లిబ్రేఆఫీస్‌లో హెల్ప్ మెనూలో సేఫ్ మోడ్, ఫైర్‌ఫాక్స్‌లో అదే మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంటాయి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఎక్స్‌టెన్షన్లన్నిటినీ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లను) ఆపి చూడండి. అప్‌డేట్ తర్వాత పై పట్టీ మాయమైందనే ఫిర్యాదులను వెతుక్కుంటూ పోతే చాలాసార్లు చివరికి ఒక ఎక్స్‌టెన్షన్ దగ్గర తేలతాయి.

ఆ పైన అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష ఒకటుంది, దాన్ని చేసేవారే తక్కువ. సెట్టింగులలో కొత్త యూజర్ ఖాతా ఒకటి సృష్టించి, దానిలో లాగిన్ అయి, అదే పని చేసి చూడండి. అక్కడ లోపం రాకపోతే మీ పాత సెట్టింగు ఫైళ్ళలో ఏదో ఉంది. అక్కడా వస్తే రిపోర్టుకు బలం వచ్చినట్టే.

వైఫై, శబ్దం, బ్లూటూత్, నిద్ర నుంచి లేవకపోవడం వంటి హార్డ్‌వేర్ సమస్యలు అప్‌డేట్ తర్వాతే మొదలైతే, బూట్ అయ్యేటప్పుడు (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు) వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్ళి పాత కెర్నల్‌ను ఎంచుకోండి. పాతదానిలో పనిచేసి కొత్తదానిలో చేయకపోతే, రెండు కెర్నళ్ళ పూర్తి సంఖ్యలనూ రాసుకోండి. "నిన్నటిదాకా పనిచేసింది" అనే మాట కన్నా ఆ రెండు సంఖ్యలు ఎన్నో రెట్లు విలువైనవి.

3. మళ్ళీ రప్పించడం, కుదించడం

లోపాన్ని మీ ఇష్టప్రకారం మళ్ళీ రప్పించగలగాలి, దాన్ని రప్పించడానికి అవసరమైన వస్తువును వీలైనంత చిన్నది చేయాలి. మార్గదర్శి అంతటిలో ఓపిక కావలసిన భాగం ఇదే.

నాకు జరిగినది చెబుతాను. ఇంట్లో పెళ్ళి ఆహ్వాన పత్రికను ఒక పత్ర సంపాదక ప్రోగ్రామ్‌లో తయారు చేశాను. తెరపై అంతా చక్కగా ఉంది. పీడీఎఫ్‌గా మార్చి ప్రెస్‌కు పంపబోతూ చూస్తే "శ్రీమతి" అన్న చోట ర-వత్తు శ కింద ఉండవలసింది కుడికి జరిగి మ కింద చేరింది. ఆ కోపంలో "పీడీఎఫ్‌లో తెలుగు పాడవుతోంది" అని అక్కడికక్కడే రిపోర్టు రాసేవాడినే.

దానికి బదులు ఫైలును నకలు చేసి కోయడం మొదలుపెట్టాను. బొమ్మలు, అంచులు తీసేశాను; లోపం ఉంది. రెండు వంతుల పాఠం తీసేశాను, ఉంది. చివరికి ఒక ఖాళీ పత్రంలో "శ్రీమతి" అన్న ఒక్క మాట మిగిలింది, అప్పుడూ ఉంది. తర్వాత ఒక్కో గుణాన్ని మార్చి చూశాను. అక్షరం పరిమాణం మారిస్తే తేడా లేదు. ఫాంటు మారిస్తే లోపం పోయింది. పాత ఫాంటులోనే బోల్డ్ తీసేస్తే కూడా పోయింది. ఆ ఫాంటుకు విడిగా బోల్డ్ ఫైలే లేదని అప్పుడు గమనించాను. అంటే ప్రోగ్రామే అక్షరాలను కృత్రిమంగా లావు చేస్తోంది, ఆ లావు చేసిన అక్షరాలను పీడీఎఫ్‌లోకి పంపే చోట లెక్క తప్పుతోంది.

దీనికి ముప్పావు గంట పట్టింది. కానీ పంపవలసిన ఫైలు ఒక్క మాటకు తగ్గింది, పెళ్ళివారి చిరునామాలూ ఫోన్ నంబర్లూ అందులో లేకుండా పోయాయి.

కుదించేటప్పుడు రెండు నియమాలు పాటించండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి మారిస్తే ఏది కారణమో తెలియదు. లోపం పోయిన ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి వెళ్ళి, అది తిరిగి వస్తోందో లేదో చూడండి.

అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లోపాలకు లెక్క చెప్పండి: "10 సార్లు ప్రయత్నిస్తే 3 సార్లు వచ్చింది." కొన్ని సార్లు, తరచుగా వంటి మాటలు చదివేవారికి ఏమీ చెప్పవు.

ఏ వెర్షన్‌లో మొదలైందో కనిపెట్టడం ఇంకో మెట్టు. ఫైర్‌ఫాక్స్‌కు మోజ్‌రిగ్రెషన్ అనే పనిముట్టు ఉంది. అది పాత బిల్డ్‌లను (ప్రోగ్రామ్ పాత ప్రతులను) తానే దించి తెరుస్తుంది, మీరు బాగుందో లేదో చెబితే చాలు. ప్రతిసారీ మిగిలినవి సగానికి తగ్గుతాయి కనుక 100 బిల్డ్‌ల మధ్య తప్పును పట్టడానికి 7 ప్రయత్నాలు సరిపోతాయి.

4. తెలుగు అక్షరాలలో లోపమైతే

దీన్ని విడిగా చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే మీ రిపోర్టు చదివే డెవలపర్‌కు తెలుగు రాకపోవచ్చు. మనకు చూడగానే తెలిసే తప్పు వారికి కనబడదు.

ముందు తప్పు ఎవరిదో తేల్చండి. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, గ్నోమ్ ప్రోగ్రామ్‌లు తెలుగు వత్తులను అమర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీ (ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్) మీద ఆధారపడతాయి. అందువల్ల అదే మాటను, అదే ఫాంటుతో రెండు వేర్వేరు ప్రోగ్రామ్‌లలో చూడండి. రెండింటిలోనూ తప్పుగా ఉంటే ఫాంటు మారుస్తూ చూడండి: నోటో సాన్స్ తెలుగు, లోహిత్ తెలుగు రెండూ డిస్ట్రోలలో తేలికగా దొరుకుతాయి. ఒక్క ఫాంటులోనే తప్పు ఉంటే రిపోర్టు ఆ ఫాంటు వారికి వెళ్ళాలి. అన్ని ఫాంటులలో, అన్ని ప్రోగ్రామ్‌లలో ఉంటే హార్ఫ్‌బజ్ వైపు చూడాలి. ఒకే ప్రోగ్రామ్‌లో ఉంటే ఆ ప్రోగ్రామ్‌దే బాధ్యత.

తరువాత, మాటను బొమ్మగానూ, కాపీ చేసుకోదగిన పాఠంగానూ రెండు విధాలా ఇవ్వండి. బొమ్మలు రెండు ఉండాలి: తప్పుగా వచ్చినది, సరిగా ఉండవలసినది. తప్పు ఉన్న చోట ఎర్ర సున్నా చుట్టండి.

ఆ పైన యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే పద్ధతి) వరుసను రాయండి. "స్త్రీ" మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాలు. వాటి సంఖ్యలను వరుసగా ఇస్తే తెలుగు రానివారు కూడా లోపాన్ని పట్టుకోగలరు.

కనబడని అక్షరాలను మరచిపోకండి. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్ తర్వాత, వే ముందు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య సంకేతం ఉంటుంది. అది లేకపోతే వ కూడా వత్తుగా మారి ముందున్న అక్షరానికి చేరుతుంది. వెతుకులాటలో మాట దొరకడం లేదని వచ్చే ఫిర్యాదులను చూసేటప్పుడు మొదట అనుమానించవలసినది దీన్నే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను క్రాష్ చేసిన తెలుగు అక్షరం గుర్తుండే ఉంటుంది. అందరూ "జ్ఞా" అని రాశారు కానీ, మామూలుగా టైపు చేసిన జ్ఞా వల్ల ఏమీ కాలేదు. జ్ఞ తర్వాత, దీర్ఘానికి ముందు ఈ అదృశ్య సంకేతం ఉన్నప్పుడే క్రాష్ అయ్యింది. చేత్తో మళ్ళీ టైపు చేసి పంపిన రిపోర్టు ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి తెలుస్తుంది: అసలు పాఠాన్నే కాపీ చేసి పంపాలి.

5. సమాచారం సేకరించడం

☐ డిస్ట్రో పేరు, వెర్షన్: "లేటెస్ట్" అని రాయకండి, "ఉబుంటు 24.04" అని రాయండి.
☐ ప్రోగ్రామ్ పూర్తి వెర్షన్: అబౌట్ పెట్టెలో ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో అక్కడే కాపీ బటన్ ఉంది.
☐ ఎక్కడ నుంచి వేసుకున్నారు: డిస్ట్రో ప్యాకేజీయా, స్నాపా, ఫ్లాట్‌ప్యాకా (ఈ రెండూ ప్రోగ్రామ్‌ను విడిగా కట్టి ఇచ్చే పద్ధతులు), వెబ్‌సైటు నుంచి దించుకున్నదా?
☐ వేలాండా, ఎక్స్11ఆ (తెరపై కిటికీలను చూపే రెండు వ్యవస్థలు): కేడీఈ డెస్క్‌టాప్‌లో అబౌట్ దిస్ సిస్టమ్ పేజీ దీన్ని చూపుతుంది, మొత్తం వివరాలను కాపీ చేసే బటన్ కూడా ఇస్తుంది.
☐ గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్: తెరకు సంబంధించిన లోపమైతే తప్పనిసరి.

మూడవ అంశాన్ని తేలికగా తీసుకోకండి. ఒకే ప్రోగ్రామ్ స్నాప్‌గా ఒక తీరులో, డెబ్ ప్యాకేజీగా (ఉబుంటు, డెబియన్‌ల సొంత ప్యాకేజీ) ఇంకో తీరులో ప్రవర్తించవచ్చు. హోమ్ ఫోల్డర్ బయటి ఫైళ్ళు తెరుచుకోకపోవడం వంటివి చాలావరకు స్నాప్, ఫ్లాట్‌ప్యాక్‌ల కట్టుబాట్ల వల్ల వస్తాయి.

లాగ్ కోసం టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్, ఖాళీ, హైఫన్ ఎఫ్ అని టైపు చేస్తే కొత్త సందేశాలు వస్తున్నకొద్దీ కనబడతాయి. దాన్ని ఒక పక్క తెరిచి ఉంచి, లోపాన్ని రప్పించి, ఆ క్షణంలో వచ్చిన వరుసలను కాపీ చేయండి. బిగుసుకుపోయి రీస్టార్ట్ చేయవలసి వస్తే జర్నల్‌సీటీఎల్, ఖాళీ, హైఫన్ బి, ఖాళీ, హైఫన్ 1 అన్నది అంతకు ముందు బూట్ లాగ్‌ను ఇస్తుంది.

లాగ్‌లో "ఎర్రర్", "వార్నింగ్" అన్న మాటలు కనబడగానే కారణం దొరికిందనుకోకండి. ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌లో కూడా అవి రోజుకు వందల కొద్దీ వస్తాయి. లోపం వచ్చిన క్షణానికి ముందూ వెనుకా ఒక నిమిషం వరుసలు చాలు.

ప్రోగ్రామ్ దానంతట అది మూసుకుపోతే, ఫెడోరాలో కోర్‌డంప్‌సీటీఎల్, ఖాళీ, లిస్ట్ అనే ఆదేశం ఆ క్రాష్‌ల పట్టికను చూపుతుంది. కేడీఈ ప్రోగ్రామ్‌లకు డాక్టర్ కాంకీ అనే కిటికీ తానే తెరుచుకుని బ్యాక్‌ట్రేస్ (క్రాష్ అయిన క్షణంలో ప్రోగ్రామ్ ఏ పనిలో ఉందో చూపే జాబితా) సేకరిస్తుంది.

మీ డెస్క్‌టాప్ తెలుగులో ఉంటే దోష సందేశాలు కూడా తెలుగులోనే రావచ్చు. టెర్మినల్ నుంచి ప్రోగ్రామ్‌ను తెరిచేటప్పుడు ఆదేశానికి ముందు ఎల్‌సీ, అండర్‌స్కోర్, ఏఎల్ఎల్ అని పెద్ద అక్షరాలతో రాసి, సమానం గుర్తు, పెద్ద సి పెడితే ఆ ఒక్కసారికి సందేశాలు ఇంగ్లీషులో వస్తాయి. తెలుగు అక్షరాల లోపానికి మాత్రం ఇలా చేయకండి. భాష మారితే లోపమే కనబడకపోవచ్చు.

6. ఎవరికి పంపాలి

ప్రతి ప్రోగ్రామ్‌కు ఇద్దరు బాధ్యులుంటారు: దాన్ని రాసిన మూల ప్రాజెక్టు, దాన్ని ప్యాకేజీగా కట్టి ఇచ్చిన డిస్ట్రో. ఇన్‌స్టాల్ కాకపోవడం, అప్‌డేట్ మధ్యలో ఆగిపోవడం, ఒక ప్యాకేజీ ఇంకోదానితో పడకపోవడం డిస్ట్రో పనులు. బటన్ నొక్కితే తప్పు జరగడం చాలావరకు మూల ప్రాజెక్టు పని.

ఉబుంటులో ఉబుంటు-బగ్ అనే ఆదేశం వెనుక ప్యాకేజీ పేరు ఇస్తే వివరాలన్నీ సేకరించి ఉబుంటు రిపోర్టుల వెబ్‌సైటు లాంచ్‌ప్యాడ్‌కు తీసుకువెళుతుంది. డెబియన్‌లో అదే పనిని రిపోర్ట్‌బగ్ చేస్తుంది. అక్కడ రిపోర్టు ఈమెయిల్‌గా వెళుతుంది, తీవ్రత ఎంత అని అడుగుతుంది. అనుమానం ఉంటే నార్మల్ అనే ఎంచుకోండి. ఫెడోరా రిపోర్టులు రెడ్‌హ్యాట్ కంపెనీ బగ్‌జిల్లాకు (బగ్ రిపోర్టులు నమోదు చేసే వెబ్‌సైటుకు) వెళతాయి. లిబ్రేఆఫీస్, కేడీఈ, ఫైర్‌ఫాక్స్‌లకు ఎవరి బగ్‌జిల్లా వారికుంది. గ్నోమ్ ప్రాజెక్టులు గిట్‌ల్యాబ్ అనే వెబ్‌సైటులో ఉంటాయి.

మీ డిస్ట్రోలోని వెర్షన్ పాతదైతే, మూల ప్రాజెక్టు వారు ముందుగా అడిగేది "కొత్తదానిలో ఉందా?" అనే. ఫ్లాట్‌ప్యాక్‌గా కొత్త వెర్షన్ వేసుకుని చూడటం ఇక్కడ దగ్గర దారి. కొత్తదానిలో లోపం లేకపోతే రిపోర్టు డిస్ట్రోకు వెళ్ళాలి, ఫలానా వెర్షన్‌లో బాగైందన్న సమాచారంతో సహా.

భద్రతా లోపమని అనుమానం వస్తే, ఉదాహరణకు తాళం వేసిన తెరను దాటగలిగితే, బహిరంగంగా రాయకండి. లాంచ్‌ప్యాడ్ రిపోర్టులో దాన్ని రహస్యంగా ఉంచే ఎంపిక ఉంది; చాలా ప్రాజెక్టులకు దీనికి విడి ఈమెయిల్ ఉంటుంది.

7. ముందే ఎవరైనా చెప్పారా?

మూడు నాలుగు రకాల మాటలతో వెతకండి. మూసివేసిన రిపోర్టులను కూడా కలిపి వెతకండి. దోష సందేశం ఉంటే అందులో మీ ఫైలు పేర్లు తీసేసి, మిగిలిన ముక్కతో వెతకడం బాగా పనిచేస్తుంది.

అదే లోపం దొరికితే "నాకూ ఇంతే" అని రాయకండి. ఆ ఒక్క మాట చందాదారులందరికీ ఈమెయిల్‌గా వెళుతుంది. లాంచ్‌ప్యాడ్‌లో మీకూ వర్తిస్తుందని తెలిపే లింకు ఉంది, గిట్‌ల్యాబ్‌లో బొటనవేలు గుర్తు ఉంది. కొత్త సంగతి ఉంటేనే రాయండి: వేరే వెర్షన్, వేరే హార్డ్‌వేర్, ఇంకా చిన్న ఉదాహరణ. కొద్దిగా పోలిక మాత్రమే ఉంటే, కొత్త రిపోర్టు తెరిచి పాతదాని సంఖ్యను ప్రస్తావించండి. రెండు ఒకటేనని తేలితే కలపడం వారికి తేలిక, కలిసిపోయిన రెండు లోపాలను విడదీయడమే కష్టం.

8. రిపోర్టు రాయడం

ఈ ప్రాజెక్టులలో రాతకోతలు ఇంగ్లీషులో సాగుతాయి. మీ ఇంగ్లీషు గొప్పగా ఉండనక్కరలేదు. చిన్న వాక్యాలు, అంకెలు వేసిన వరుసలు చాలు.

శీర్షికలో ఏం చేస్తే, ఎక్కడ, ఏమవుతోంది అన్నవి ఉండాలి. నా ఆహ్వాన పత్రిక సంగతే తీసుకుంటే:

పనికిరానిది: "తెలుగు సపోర్ట్ అస్సలు బాగోలేదు!!"
పనికొచ్చేది: "పీడీఎఫ్ ఎగుమతిలో, బోల్డ్ ఫైలు లేని ఫాంటుకు బోల్డ్ పెడితే తెలుగు ర-వత్తు కుడికి జరుగుతోంది, తెరపై సరిగానే ఉంది."

లోపలి పాఠం ఈ వరుసలో:

చేసిన పనులు
1. జతపరచిన ఫైలును తెరవండి. అందులో ఒకే మాట ఉంది.
2. పీడీఎఫ్‌గా ఎగుమతి చేయండి.
3. ఆ పీడీఎఫ్‌ను తెరిచి మొదటి అక్షరాన్ని చూడండి.

జరగవలసినది: ర-వత్తు మొదటి అక్షరానికే అంటుకుని ఉండాలి, మొదటి బొమ్మలోలా.
జరిగినది: వత్తు తర్వాతి అక్షరం కిందికి జరిగింది, రెండవ బొమ్మలోలా.
ఎంత తరచుగా: 5 సార్లకు 5 సార్లు.
గమనించినవి: బోల్డ్ తీస్తే లోపం లేదు. బోల్డ్ ఫైలు ఉన్న ఫాంటుతో లోపం లేదు. కొత్త యూజర్ ఖాతాలోనూ ఉంది.
వెర్షన్ల వివరాలు: కింద.

కారణం మీద మీ ఊహను చివర, ఊహ అని చెప్పి రాయవచ్చు. పైన రాస్తే చదివేవారు తప్పుదారి పడతారు. ఒక రిపోర్టులో ఒకే లోపం ఉండాలి. లాగ్‌ను స్క్రీన్‌షాట్‌గా కాక పాఠపు ఫైలుగా జతచేయండి, బొమ్మలో ఎవరూ వెతకలేరు.

9. పంపే ముందు గోప్యత

లాగ్‌లలో మీ యూజర్ పేరు, కంప్యూటర్ పేరు, వైఫై పేర్లు, ఫైళ్ళ దారులు ఉంటాయి. అవసరం లేనివాటిని చుక్కలతో మార్చండి, వరుసలను మాత్రం తొలగించకండి. కోర్ డంప్ అంటే ప్రోగ్రామ్ జ్ఞాపకంలో అప్పుడున్నదంతా. పాస్‌వర్డులు సైతం అందులో ఉండవచ్చు కనుక బహిరంగంగా జతచేయకండి. డెబియన్‌కు పంపిన ఈమెయిల్ చిరునామా అందరికీ కనబడుతుంది. ఈ పనికి విడి చిరునామా పెట్టుకోవడం మేలు.

10. తరచు జరిగే పొరపాట్లు, సవరణలు

ఎక్కువ తీవ్రత ఎంచుకోవడం: మీ పని ఆగిపోయినా, మిగతావారి డేటా పోనంతవరకు అది మామూలు లోపమే. పెంచితే తగ్గిస్తారు, అంతకుమించి ఏమీ జరగదు.

అడిగిన పరీక్షను చేయకుండా వాదించడం: "కొత్త వెర్షన్‌లో చూడండి" అన్నది తప్పించుకునే మాటలా అనిపిస్తుంది, నిజమే. అయినా చేసి, ఫలితం రాయండి.

సొంతంగా పరిష్కారం దొరకగానే మాయమవడం: ఏం చేస్తే పోయిందో రాసి వెళ్ళండి. చాలాసార్లు ఆ వాక్యమే డెవలపర్‌కు ఆధారం అవుతుంది.

11. పంపిన తర్వాత

జవాబు గంటలో రావచ్చు, ఏడాదికి రావచ్చు. ఈమెయిల్ గమనిస్తూ ఉండండి. లాంచ్‌ప్యాడ్‌లో ఇన్‌కంప్లీట్ అని గుర్తు పెట్టిన రిపోర్టు 60 రోజులపాటు కదలిక లేకపోతే గడువు తీరిపోతుంది. ఫెడోరాలో ఒక్కో విడుదలకు దాదాపు 13 నెలల ఆయుష్షు. అది ముగిస్తే దానిపై ఉన్న రిపోర్టులను మూసేస్తారు. కొత్త విడుదలలోనూ లోపం ఉంటే వెర్షన్ సంఖ్య మార్చి నిలబెట్టుకోవడం మీ చేతిలో పని.

"ఫిక్స్‌డ్" అని మూసేశారంటే మూల కోడ్‌లో బాగుచేశారని అర్థం, మీ కంప్యూటర్‌కు చేరిందని కాదు. డెబియన్ స్టేబుల్ వంటివాటిలో అది తరువాతి విడుదల దాకా రాకపోవచ్చు. ఉబుంటులో స్థిర విడుదలకు సవరణ పంపే ముందు ప్రపోజ్డ్ అనే విభాగంలో పెట్టి, పరీక్షించి చెప్పమని రిపోర్టులోనే అడుగుతారు. ఫెడోరాలో బోధి అనే చోట పరీక్షా అప్‌డేట్‌లకు ఓటు వేయవచ్చు. అటువంటి పిలుపు వస్తే, రిపోర్టులో మీరు రాసిన ఆ మూడు మెట్లనే మళ్ళీ చేసి, పరీక్షించిన ప్యాకేజీ పూర్తి వెర్షన్ సంఖ్యతో సహా ఫలితం రాయండి. లోపం ఇంకా ఉంటే దాన్నీ అంతే నిక్కచ్చిగా రాయండి.